డెబ్బయ్యో గవ్వ

పిస్కాటవే, న్యూజెర్సీ
12 అక్టోబరు 1981

వదినగారు వసుమతిగారికి నమస్కారాలు.

ఎనిమిదేళ్ల కిందట నెల్లూరులో మా ఉషకూ మీ గోపాల్‌కూ పెళ్లయింది. దానికి మీరు రాలేదు కనుక మనం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. ఇది దెప్పడం కాదు, పరిచయం. నేను ఉష తల్లిని, అనంతలక్ష్మిని. ఆడపిల్లల హైస్కూల్లో ముప్పై రెండేళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. జూన్ నుంచి ఇక్కడ కూతురింట్లో ఉన్నాను. మీరు చాండ్లర్‌లో అమ్మాయి జయంతి దగ్గరున్నారని, చిత్తూరులో తెలుగు బడిలోనే చదువుకున్నారని మీ అబ్బాయి చెప్పాడు. కాబట్టి నా ఉత్తరం అర్థం కాలేదని తప్పించుకోవడానికి మీకు వీల్లేదు.

సంగతేమిటంటే, మొన్న శనివారం బేస్‌మెంట్ సర్దుతుంటే పాత సూట్‌కేసుల వెనక ఒక అట్టపెట్టె దొరికింది. పైన అరవంలో ఏదో కొట్టు పేరు అచ్చు వేసి ఉంది. లోపల ఆకుపచ్చ పట్టుగుడ్డలో చుట్టిన చెక్క పలక. చేప ఆకారం, మధ్యలో మడత, అటు ఏడు ఇటు ఏడు గుంటలు. మా వైపు వామనగుంటలంటాం. మనవరాలు విద్యకు ఏడేళ్లు. అది చూసి, "అమ్మమ్మా, ఇది ఎగ్స్ పెట్టేదా?" అంది. ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు. గవ్వలు లేవు కనుక షాపులో దొరికే కిడ్నీ బీన్స్ పోసి, మా ఇంటి పద్ధతిలో ఆట నేర్పడం మొదలుపెట్టాను.

రెండోరోజు మీ గోపాల్ కాఫీ కప్పుతో అటు వెళ్తూ ఆగాడు. "అలా కాదత్తయ్యా. గుంటలో నాలుగు పడితే ఆవు. తీసేసుకోవాలి. మా అమ్మ అలాగే ఆడుతుంది" అన్నాడు. అని, ఏదో అనకూడనిది అన్నట్టు కప్పులోకి చూసుకుని, "ఆ పెట్టె మళ్లీ కిందే పెట్టేయండి" అని వెళ్లిపోయాడు.

వదినగారూ, నేనొచ్చిన నాలుగు నెలల్లో అతని నోట "మా అమ్మ" అన్న మాట వినడం అదే మొదలు. మీ ఇద్దరికీ ఆదివారం ఫోన్లున్నాయి. అందులో మీ వైపు ఏముంటుందో తెలియదుగానీ, ఇటు వైపు "ఊఁ", "సరే", "జయంతికివ్వు" తప్ప ఏమీ ఉండవు.

పెట్టె కింద పెట్టలేదు. మీ ఆవుల సంగతి వివరంగా రాయగలరు.

అనంతలక్ష్మి


చాండ్లర్, అరిజోనా
24 అక్టోబరు 1981

సంబంధి అనంతలక్ష్మిగారికి,

మీ ఉత్తరం అందింది. మేము క్షేమం. ఇక్కడ అక్టోబరులో కూడా చిత్తూరు మే నెల ఎండే. అల్లుడూ జయంతీ ఇద్దరూ కంప్యూటర్ చిప్‌లు చేసే ఫ్యాక్టరీకి వెళ్తారు. పగలంతా నేను, కిటికీ బయట ఒక ముళ్ల చెట్టు.

మీరు అడిగినవి రాస్తున్నాను. మేము దాన్ని పల్లాంకుళి అంటాం. గుంటకు ఐదేసి పోయాలి. తన వైపు ఏదైనా గుంట తీసి, ఒక్కొక్కటిగా పంచుతూ పోవాలి. చేతిలోవి అయిపోతే తరువాతి గుంట తీసి పంచాలి. ఆ గుంట ఖాళీగా ఉంటే దాన్ని వేలితో తుడిచి, దాని అవతలి గుంటలో ఉన్నవన్నీ తీసుకోవాలి. అక్కడితో వంతు అయిపోతుంది. మధ్యలో ఏ గుంటలో నాలుగు చేరినా అది ఆవు. ఎవరి వైపు పడితే వారిది, ఎవరు పంచుతున్నా సరే. ఆట చివర ఓడినవారి గుంటలు నిండవు. నిండనివి మరుసటి ఆటకు మూసేయాలి. మా ఇంట్లో గవ్వలతో ఆడతాం. అరవై తొమ్మిది గవ్వలు.

ఒక చిన్న విషయం. పెట్టె ఎవరు విప్పారు? ఉష విప్పిందా? పట్టుగుడ్డ ఉందా, పారేశారా?

విద్యకు ఆశీస్సులు.

వసుమతి


పిస్కాటవే
5 నవంబరు 1981

వదినగారికి,

మీ ఉత్తరంలో ఆట గురించి బోలెడు పంక్తులు, చివర చిన్న విషయం ఒకటి. నేను చిన్న విషయమే ముందు చదివాను.

పెట్టె విప్పింది నేను. ఉష దాన్ని ఇంతకుముందు చూడనే లేదు. అలాంటిది ఒకటి ఇంట్లో ఉందని కూడా దానికి తెలియదు. గోపాల్‌ను అడిగితే, "డెబ్బై ఆరులో అమ్మ ఎవరితోనో పంపింది" అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు. పట్టుగుడ్డ భద్రంగా ఉంది. ఇస్త్రీ చేసి నా పెట్టెలో పెట్టాను.

ఇక లెక్క. పద్నాలుగు గుంటలు, గుంటకు ఐదు. నా లెక్కలో డెబ్బై. మీ లెక్కలో అరవై తొమ్మిది. ముప్పై రెండేళ్లు ఎర్ర సిరా వాడినదాన్ని, దీన్ని చూసీ చూడనట్టు వదలలేను. ఆ డెబ్బయ్యోది ఏమైంది?

మీ ఆవులు మా ఇంట్లో పెద్ద గొడవ తెచ్చాయి. "అమ్మమ్మా, నీ రూల్ బోరింగ్. పాటి రూల్‌లో కౌస్ ఉన్నాయి" అని నాయనమ్మ పక్షం చేరి నా మనవరాలు నన్ను నా ఎదుటే రద్దు చేసింది. "ఆవులు కావాలంటే వాటికి గడ్డి కూడా నువ్వే వెయ్యి" అన్నాను. "పాటీతో ఆడతా, లెటర్‌లో" అంది. సరే, ఇదిగో దాని మొదటి ఎత్తు. తన వైపు ఎడమనుంచి మూడో గుంట తీసింది. పంచుతూ పంచుతూ వచ్చి, తన ఏడో గుంట ఖాళీ కాబట్టి తుడిచి, మీ మొదటి గుంటలోని ఏడూ పట్టుకుపోయింది. నేను సాయం చేయలేదు. బీన్స్ అలాగే ఉంచి పలకను ఫ్రిజ్ మీద పెట్టాం, ఎవరూ కదపకుండా.

గోపాల్ ఫ్రిజ్ తలుపు చాలా నెమ్మదిగా వేస్తున్నాడు. అది కూడా రాయాలనిపించింది.

అనంతలక్ష్మి


చాండ్లర్
20 నవంబరు 1981

అనంతలక్ష్మిగారికి,

ఉష చూడనే లేదని రాశారు. ఆ వాక్యం చాలాసార్లు చదివాను. పంపిన ఏడాది గోపాల్ "పలక అందింది" అని రెండు మాటలు రాశాడు. అందింది అంటే ఇచ్చాడనే అనుకున్నాను. పోనివ్వండి.

ఇక్కడ నాకు పలక లేదు. పక్కింటివాళ్లు పారేసిన కోడిగుడ్ల అట్టపెట్టెలు తుడిచి ఆరబెట్టాను. ఒకదానికి పన్నెండే గుంటలుంటాయి కాబట్టి ఇంకోదాంట్లోంచి రెండు కత్తిరించి దారంతో కుట్టాను. మనం ముట్టనివాటి డబ్బాతో ఏం పని అని జయంతి నవ్వింది. విద్య మొదట అడిగిన ప్రశ్న తప్పేం కాదని చెప్పండి.

నా ఎత్తు. నా రెండో గుంటలో ఒంటరిగా ఉన్నదానితో, ఆ ముక్కు విరిగినదానితో మొదలుపెట్టాను. చాలా దూరం వెళ్లింది. దారిలో విద్య వైపు మూడు ఆవులు పడ్డాయి, నా వైపు ఒకటి. చివర నా మూడో గుంటలోని పదకొండూ నావి. లెక్క చూసుకోమనండి.

గోపాల్ చిన్నప్పుడు వేసవి సెలవుల్లో మధ్యాహ్నాలు మా కూడంలో తలుపులేసి పిల్లలు పాచికలేసి దాయం ఆడేవారు, ఐదు రాళ్లు ఆడేవారు. వీడు మాత్రం ఆడవాళ్ల మధ్య చేరి పల్లాంకుళికి కూర్చునేవాడు. నేను ఒక్కసారి కూడా వాడికోసం ఓడలేదు. తప్పేమో ఇప్పుడు తెలియడం లేదు.

ఇండియాకు నా తిరుగు టికెట్ ఏప్రిల్ పద్దెనిమిదికి. మోకాళ్లు మళ్లీ ఇంత దూరం రానిచ్చేలా లేవు. ఇక రాను. అందుకే ఈ ఆట ఏప్రిల్ లోపల అయితే బాగుంటుంది.

వసుమతి


పిస్కాటవే
8 డిసెంబరు 1981

వదినగారికి,

మూడు ఆవులతో విద్య ఇల్లంతా తిరుగుతోంది. మొదటి స్నో పడినా బయటికి పోలేదు. లెక్క చూశాను, మీ ఎత్తులో తప్పు లేదు. తప్పు వేరే చోట ఉంది.

ముక్కు విరిగినది అన్నారు. కిడ్నీ బీన్‌కు ముక్కు ఉండదు. శనగకు ఉంటుందిగానీ దాన్ని ఎవరూ అంత గుర్తుపెట్టుకోరు. వదినగారూ, ఆ గుడ్ల డబ్బాలో మీరు పోసి ఆడుతున్నవి గవ్వలు. ఈ పలకకు చెందిన గవ్వలు. అవి అప్పటినుంచీ మీ దగ్గరే ఉన్నాయి. ఈ దేశానికి కూడా మీతో వచ్చాయి. పలక ఇక్కడ గవ్వలు లేక కిడ్నీ బీన్స్‌తో, గవ్వలు అక్కడ పలక లేక అట్టపెట్టెలో. ఇంతకంటే తెలివితక్కువ కాపురం నేను చూడలేదు.

ఈ మాట మీ అబ్బాయిని కూడా అడిగాను. ఆదివారం అందరం భోంచేస్తున్నాం.

"గోపాల్, ఆ పెట్టెను ఐదేళ్లపాటు బేస్‌మెంట్‌లో ఎందుకు పెట్టావు?"

"ఎందుకిప్పుడు, అత్తయ్యా."

"నేను టీచర్ని. సమాధానం వచ్చేదాకా పక్క బెంచీకి పోను."

ప్లేట్లోకి చూస్తూ చెప్పాడు. "పెళ్లికి రాలేదు. మూడేళ్లు ఉత్తరం లేదు. తరువాత పలక పంపింది, ఖాళీగా. ఒక్క గవ్వ లేదు, ఒక్క ముక్క రాయలేదు. ఆ ఆటలో గుంటలు ఖాళీగా ఎవరికుంటాయో మీకు తెలుసుగా. ఓడిపోయినవాళ్లకి. నీకిక ఏమీ లేదు అని చెప్పింది. నాకర్థమైంది. ఉషకి చూపించి దాని మనసు కూడా ఎందుకు విరవడం?"

ఉష చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఎనిమిదేళ్లుగా అతను మోస్తున్నది ఇదీ.

దీనికి జవాబు మీ దగ్గర ఉండాలి. పలకను ఖాళీగా ఎందుకు పంపారు? ఈసారి మోకాళ్ల సంగతి రాయకండి.

అనంతలక్ష్మి


చాండ్లర్
19 డిసెంబరు 1981

వదినగారూ,

మీరు మొదటినుంచీ అలా పిలుస్తున్నారు. నేను ఇవాళ మొదలుపెడుతున్నాను.

మీ ఉత్తరం జయంతి చదివి వినిపించింది. అద్దాలు పెట్టుకున్నా అక్షరాలు నిలవలేదు. నా కొడుకు అలా అనుకున్నాడా? ఐదేళ్లు అలాగే అనుకున్నాడా?

వినండి. ఇది మా ఇంటి ఆచారం. ఇంకెవరింట్లో ఉందో నాకు తెలియదు. కొత్త కోడలికి అత్త పలక పంపుతుంది. ఖాళీగానే పంపాలి. ఆ పిల్ల దాన్ని పట్టుకుని అత్త దగ్గరికి రావాలి. ఎదురుగా కూర్చోబెట్టి అత్త తన చేత్తో గవ్వలు ఆమె ఒళ్లో పోస్తుంది. ఆమె పద్నాలుగు గుంటలూ నింపుతుంది. ఇద్దరూ ఒక ఆట ఆడితే ఆ పిల్ల ఇంటిదైనట్టు. గవ్వలు ఇంకొకరి చేతికివ్వరు, పెట్టెలో పెట్టి పంపరు. నాకు మా అత్తగారు పోసింది పెళ్లయిన పదకొండో రోజున. ఖాళీ పలక అంటే పొమ్మనడం కాదు వదినా. రమ్మనడం.

వాడు ఆ ఇంట్లోనే పెరిగాడు కదా, తెలుసనుకున్నాను. మగపిల్లవాడు ఆ గదిలో ఎప్పుడున్నాడు, వాడికెవరు చెప్పారు? ఆట నేర్పాను. ఇది నేర్పలేదు.

పెళ్లి కుదిరాకగానీ వాడు నాకు చెప్పలేదని కోపం వచ్చింది, పెళ్లికి రాలేదు. ఆ కోపం ఏడాదిలో పోయింది, సిగ్గు పోలేదు. రండి అని రాయాలంటే, పెళ్లికి రానిదాన్ని ఏ ముఖంతో రాస్తాను? పలక చెబుతుందనుకున్నాను. ప్రతి ఏడాదీ ఇండియా వస్తారేమో, ఉష పలకతో గడప దగ్గర నిలబడుతుందేమో అని గవ్వలు కడిగి పెట్టేదాన్ని. వాళ్లు వచ్చినప్పుడు నెల్లూరు వచ్చారు, చిత్తూరులో రెండు గంటలు కూర్చుని వెళ్లారు. చేతిలో పలక లేదు. వద్దనుకుందేమో అనుకున్నాను.

ఒక్క మాట. ఇదంతా గోపాల్‌కు చెప్పకండి. ఇప్పుడు జాలిపడి వస్తే నేను పోయలేను.

వసుమతి


పిస్కాటవే
4 జనవరి 1982

వదినగారికి,

చెప్పాను.

మీరు వద్దన్నారని కూడా చెప్పాను, ఎందుకంటే ఉత్తరం మొత్తం పైకి చదివాను. మధ్యలో వాక్యాలు మింగడం నాకు అలవాటు లేదు. చెప్పకుండా దాచడం వల్ల మీ ఇంటికి ఐదేళ్లలో ఒరిగిందేమిటో చూశాను కాబట్టి మీ మాట పక్కన పెట్టాను. కోపం ఉంటే ఉంచుకోండి. ఇలాంటివాటిలో మీకు అనుభవం ఉంది.

గోపాల్ లేచి, పార తీసుకుని బయటికి వెళ్లి డ్రైవ్‌వేలో మంచు తీశాడు. పొద్దున్నే తీసేసిన డ్రైవ్‌వే అది. అక్కడ తీయడానికి ఏమీ లేదు. గంటసేపు తీశాడు.

ఉష అన్నది ఒక్కటే. "అమ్మా, రెండు గంటలు ఎదురుగా కూర్చున్నానే. అత్తయ్య కాఫీ ఇచ్చి నా చేతులకేసి చూస్తూ కూర్చుంది. నా గాజులు చూస్తోందనుకున్నాను." తరువాత ఫోన్ తీసి టికెట్లు బుక్ చేసింది. ఫిబ్రవరిలో బడికి సెలవులున్నాయి. పదమూడున తను, విద్య మీ దగ్గరికి వస్తున్నారు, పలకతో. గోపాల్‌ను అడిగితే ల్యాబ్‌లో సెలవు దొరకదన్నాడు. నేను ఒత్తిడి చేయలేదు. నా ఒత్తిడికి కూడా ఒక హద్దుంది, అది ఎక్కడో ఇంకా చూడలేదుగానీ.

నేను రావడం లేదు. నా ఒళ్లో ఎవరూ ఏమీ పోయనక్కర్లేదు.

డెబ్బయ్యోదాని సంగతి మీరు ఇప్పటికీ చెప్పలేదు.

అనంతలక్ష్మి


చాండ్లర్
17 ఫిబ్రవరి 1982

వదినా,

వాళ్లు రేపు బయలుదేరుతున్నారు. అందరూ విద్యకు ముళ్ల చెట్లు చూపించడానికి వెళ్లారు. ఇల్లు ఖాళీగా ఉంది, రాస్తున్నాను.

ఎయిర్‌పోర్టుకు జయంతి వెళ్లింది. ఇద్దరొస్తారని రెండు సీట్లు ఖాళీ పెట్టుకుని వెళ్లింది. కారులోంచి ముగ్గురు దిగారు. గోపాల్ చేతుల్లో పట్టుగుడ్డలో చుట్టిన పలక. "నాన్న విమానంలో దాన్ని ఒళ్లోనే పెట్టుకున్నాడు. కోక్ కూడా తాగలేదు" అని విద్య చెప్పింది. వాడు నాతో "ఎలా ఉన్నావమ్మా" అన్నాడు. నేను "బాగున్నాను" అన్నాను. ఆదివారం ఫోన్‌లో అనుకునేదే అది. అంతకంటే ముందుకు మా ఇద్దరికీ దారి తెలియలేదు.

మరునాడు పొద్దున ఉష స్నానం చేసి వచ్చి నా ఎదుట కూర్చుంది. అప్పుడు చూసుకున్నాం, ప్యాంటు వేసుకుంది. "అత్తయ్యా, చీర తెచ్చుకోవడం మరిచిపోయాను. దీనికి ఒడి ఉండదు కదా" అంది. జయంతి వంటింట్లోంచి ఏప్రన్ తెచ్చి కట్టింది. దానిమీద పెద్ద టమాటా బొమ్మ. మా అత్తగారు చూసి ఉంటే ఏమనేవారో. నాకైతే అది పట్టుకొంగులాగే ఉంది. పోశాను. రెండు కింద పడ్డాయి, విద్య ఏరింది.

గోపాల్ కారు తాళాలు పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు, లోపలికి రాలేదు, బయటికి పోలేదు.

విద్య ఇంగ్లీషులో లెక్కపెడుతోంది. అరవై తొమ్మిది దగ్గర ఆగింది. "పాటీ, ఒకటి షెల్ కాదు. సీడ్."

మీరు నాలుగు నెలలుగా అడుగుతున్నది ఇదే వదినా. అది చింతగింజ. గోపాల్ ఆరేళ్లప్పుడు ఒక గవ్వను తూములో పోగొట్టాడు. నేను కోప్పడ్డాను. ఒకటి లేకపోతే పలక మొత్తం పనికిరాదు, ఇక నీతో ఆట లేదన్నాను. మరునాడు పొద్దున గడప రాయి మీద చింతగింజను ఒక పక్క తెల్లబడేదాకా అరగదీసి తెచ్చాడు. వేళ్లు కందిపోయి ఉన్నాయి. "అమ్మా, ఇది గవ్వే అనుకో" అన్నాడు. అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను. మీకు అరవై తొమ్మిది గవ్వలని రాసింది అందుకే. డెబ్బయ్యోదాని సంగతి ఉత్తరంలో రాయబుద్ధి కాలేదు.

గోపాల్ వచ్చి గింజను ఉష ఏప్రన్‌లోంచి తీసుకున్నాడు. అరిగిన పక్కను వేలితో తడిమాడు.

"ఇది ఇంకా ఉందా?"

"ఎక్కడికి పోతుంది?"

"కొత్త గవ్వ కొనుక్కోవచ్చుగా అమ్మా."

"ఎందుకు? లెక్క సరిపోయిందిగా."

తాళాలు కింద పెట్టి, విద్య పక్కన చాప మీద కూర్చున్నాడు. ఉషా నేనూ ఆడాం. వాడు ఆగలేక, "అది కాదు ఉషా, నాలుగో గుంట తియ్యి" అంటూనే ఉన్నాడు. చివరికి ఉష గెలిచింది. నేను ఓడడానికి ప్రయత్నించలేదు, నిజంగానే ఓడాను. ఇద్దరు ఒకరిమీద పడ్డారు మరి.

నిన్న వాడే ఎయిర్‌లైన్స్‌కు ఫోన్ చేసి నా టికెట్ మార్చాడు. మార్చి పదికి పిస్కాటవే వస్తున్నాను. మోకాళ్ల సంగతి అడిగితే, మెట్లు లేని గది కింద ఉందన్నాడు. ఆ పెట్టె ఉన్న గదేనా?

మీ వదిన
వసుమతి


పిస్కాటవే
24 ఫిబ్రవరి 1982

వదినగారికి,

ఆ గది కాదు. ఆ గదికి దిగాలంటే పదమూడు మెట్లు. మీకు ఇచ్చేది హాలు పక్కది, ఇన్నాళ్లూ నేనున్నది. నేను విద్య గదిలోకి మారాను. నిద్రలో తంతుంది, అయినా ఫరవాలేదు.

మనవాళ్లు క్షేమంగా చేరారు. విద్య పాఠశాలలో ఏప్రన్ గురించి వ్యాసం రాసిందట. టీచరు తనకేమీ అర్థం కాలేదని నోట్ పంపింది. సమాధానం నేను రాస్తాను.

ఉత్తరంలో ఆడుతున్న ఆట ఫ్రిజ్ మీద అట్లాగే ఆగింది. పలకను చాండ్లర్ తీసుకెళ్లేముందు ఏ గుంటలో ఎన్నున్నాయో కాగితం మీద రాసి ఉంచాను. ఎత్తు విద్యది. మీరొచ్చాక ఎదురుగా కూర్చుని వేస్తుందట. ఆవులకు నేను ఒప్పుకున్నాను. మీ వైపు మాత్రమే.

ఇక అసలు సంగతి. నిన్న గవ్వలను బీన్స్ స్థానంలో పోస్తూ అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. అరవై తొమ్మిది. చింతగింజ లేదు. రెండుసార్లు లెక్కపెట్టాను. దారిలో పోయిందేమోనని ఇల్లంతా వెతికాను, ఉష సూట్‌కేస్ దులిపాను.

విద్య నా వెనకే తిరుగుతూ చాలాసేపు చూసి, "అమ్మమ్మా, అది నాన్న షర్ట్ పాకెట్‌లో ఉంది. ల్యాబ్‌కి తీసుకెళ్తాడు. రోజూ" అంది.

డెబ్బయ్యోది కిడ్నీ బీన్ వేసి పెట్టాను. మీరొచ్చి చూసి, గవ్వే అనుకోండి.

అనంతలక్ష్మి